జలియన్‌వాలాబాగ్ సందులో బొమ్మలెందుకు?

సంపాదకుడు గారికి,

ఏటా ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్ గురించి నాలుగు మాటలు రాసి ఊరుకుంటాం. ఆ స్థలాన్ని మనం ఇప్పుడు ఎలా ఉంచుకున్నామన్నది మాత్రం తెలుగునాట పెద్దగా చర్చకు రాదు. స్వర్ణ దేవాలయం చూడడానికి వెళ్లే మనవాళ్లు పక్కనే ఉన్న ఈ బాగ్‌లోనూ ఓ గంట గడిపి వస్తుంటారు కాబట్టి ఈ నాలుగు ముక్కలు.

2021 ఆగస్టులో ఆధునికీకరణ పూర్తయిందని ప్రారంభోత్సవం చేశారు. బావి చుట్టూ అద్దాలు బిగించారు, లైట్ అండ్ సౌండ్ షో పెట్టారు. వాటి మంచిచెడ్డలు ఎలా ఉన్నా, నా పేచీ లోపలికి వెళ్లే సన్నటి సందు గురించి. ఇటుక గోడలు తప్ప ఏమీ లేని ఆ దారిలో రెండు పక్కలా మనుషుల బొమ్మలు పెట్టారు. ఆ రోజు నవ్వుతూ తుళ్లుతూ లోపలికి వెళ్తున్న జనమట!

అది అలంకరణ కోసం ఎదురుచూస్తున్న ఖాళీ గోడ కాదు. 1919లో జనరల్ డయ్యర్ మెషిన్‌గన్లు బిగించిన రెండు సాయుధ కార్లు వెంట తెచ్చుకున్నాడు. సందు ఇరుకు కావడంతో అవి లోపలికి పట్టలేదు. వాటిని బయటే వదిలి, లోపలికి వెళ్లి, హెచ్చరిక కూడా లేకుండా 50 మంది చేత రైఫిళ్లతో కాల్పించాడు. మొత్తం 1650 తూటాలు. దారి పట్టి ఉంటే మెషిన్‌గన్లు కూడా వాడేవాడివా అని తర్వాత విచారణకు ప్రభుత్వం వేసిన హంటర్ కమిటీ అడిగితే, బహుశా వాడేవాణ్నే అని ఒప్పుకున్నాడు. ఎంతకైనా తెగించే వచ్చాడనడానికి ఆ సందు వెడల్పే సాక్ష్యం. పిల్లల్ని అక్కడ నిలబెట్టి రెండు చేతులూ చాచమంటే సగం పాఠం చెప్పినట్టే. అలాంటి చోట బొమ్మలు పెట్టి, జనం ఫొటోలు దిగుతున్నారని విసుక్కుంటే ఏం లాభం?

విమర్శలు రాగానే అది రాజకీయ గొడవైపోయింది. రాహుల్ గాంధీ ఇది అమరులకు అవమానమన్నారు. అప్పుడు పంజాబ్‌లో ఆయన పార్టీ ముఖ్యమంత్రే అయిన అమరీందర్ సింగ్ తనకైతే బాగానే ఉందన్నారు. అక్కడితో ఆ చర్చ చప్పబడింది.

ఈ స్మారకం మన పిల్లలకు ఎవర్ని 'మనవాళ్లు'గా పరిచయం చేస్తోందన్నది అసలు ప్రశ్న. ఆ రోజు బాగ్‌లో సభ జరిగింది అమృత్‌సర్ నాయకులు సత్యపాల్, సైఫుద్దీన్ కిచ్లూల నిర్బంధానికి నిరసనగా. వారిలో ఒకరు హిందువు, ఒకరు ముస్లిం. అంతకు నాలుగు రోజుల ముందే అమృత్‌సర్ శ్రీరామనవమి ఊరేగింపులో ముస్లింలూ కలిసి నడిచారు. బైశాఖీ పండగకని ఊళ్ల నుంచి వచ్చి, నిషేధాజ్ఞల సంగతే తెలియక అక్కడ చేరినవాళ్లు ఎందరో. కాల్పులనాటి పంజాబ్ లెఫ్టినెంట్ గవర్నర్ ఓడ్వయర్‌ను 1940లో లండన్‌లో కాల్చిన ఉధమ్ సింగ్ తన పేరు రామ్ మొహమ్మద్ సింగ్ ఆజాద్ అని చెప్పుకున్నాడు. ఈ సంగతులు సందులో అడుగు పెట్టకముందే కళ్లబడాలి.

రతన్ దేవి వాంగ్మూలం కూడా వినిపించాలి. కర్ఫ్యూ వల్ల సాయానికి ఎవరూ రాలేక, భర్త శవం పక్కన రాత్రంతా కూర్చుని, దొరికిన వెదురు కర్రతో కుక్కల్ని అదిలించిన మనిషి ఆమె. ఏ లైట్ షో అయినా అంతకన్నా ఏం చెబుతుంది?

ఇక పేర్లు. చనిపోయింది 379 మంది అని నాటి ప్రభుత్వం చెబితే, వెయ్యి దాకా ఉంటారని కాంగ్రెస్ విచారణ తేల్చింది. పంజాబ్ ప్రభుత్వం 2021లో అమృత్‌సర్‌లోనే రంజిత్ అవెన్యూలో వేరే స్మారకం కట్టి, తెలిసినంతవరకు అమరుల పేర్లు అక్కడ చెక్కించింది. నెత్తురు చిందిన నేల ఒకచోట, పేర్లు ఇంకోచోట!

ఈ స్మారకానికి 1951 చట్టం కింద ఏర్పడిన ట్రస్టుకు ప్రధానమంత్రే అధ్యక్షుడు. కాబట్టి ఆయనకే నా విన్నపం: సందులో బొమ్మలు తీయించి ఇటుక గోడల్ని మళ్లీ కనపడనివ్వండి. ఆ పేర్లన్నీ బాగ్‌లోనూ చెక్కించండి. వివరాలు తెలుగుతో సహా అన్ని భారతీయ భాషల్లో చదువుకునే, వినే ఏర్పాటు చేయండి.

— ఒక రిటైర్డ్ సోషల్ టీచర్, ఖమ్మం