అడాప్టర్ వాడమంటారా, వద్దంటారా? కేంద్ర మంత్రి శ్రీనివాసవర్మ గారికి బహిరంగ లేఖ

కేంద్ర భారీ పరిశ్రమల శాఖ సహాయ మంత్రి శ్రీ భూపతిరాజు శ్రీనివాసవర్మ గారికి నమస్కారం.

మాది విజయవాడ, పటమట. రెండేళ్లుగా ఎలక్ట్రిక్ కారు నడుపుతున్నాను. గుంటూరులో ఉద్యోగం, పోనూ రానూ డెబ్బై కిలోమీటర్లు, పెట్రోలు ఖర్చు లెక్కేసుకుని కొన్నాను. కొన్నందుకు బాధేం లేదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే చార్జర్ల గురించి ఎవడు నోరెత్తినా "అందుకే పెట్రోలు బండి కొనుక్కోవాల్సింది" అనేవాళ్లు మా అపార్ట్‌మెంట్‌లోనే నలుగురున్నారు.

మీకే ఎందుకు రాస్తున్నానంటే, చార్జింగ్ స్టేషన్ల గైడ్‌లైన్స్ విద్యుత్ శాఖవి, ప్రమాణాలు రాసి ఐఎస్ఐ మార్కు ఇచ్చే బీఐఎస్ వినియోగదారుల వ్యవహారాల శాఖ కింద ఉంది, డబ్బులు మాత్రం మీ శాఖవి. ఎలక్ట్రిక్ బండ్ల కోసం తెచ్చిన పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద పెట్టిన 10,900 కోట్లలో 2,000 కోట్లు పబ్లిక్ చార్జర్లకే కదా. డబ్బులిచ్చేవాళ్ల మాట ఎవరైనా వింటారు. పైగా మీరు మన నరసాపురం ఎంపీ, తెలుగులో రాస్తే ఇంకొకరు అనువదించి చెప్పక్కర్లేదు.

అసలు సంగతికి వస్తాను. మొన్న ఎండాకాలం ఓ ఆదివారం, నేనూ మా బావమరిదీ మంగళగిరి దగ్గర హైవే పక్కన ఓ హోటల్ ముందు ఆగాం. నాది కారు, వాడిది స్కూటర్. అక్కడ ఉన్నది ఒకే ఒక ఏసీ చార్జర్, అంటే నెమ్మదిగా ఎక్కించేది, దాని వైరు చివర బండికి గుచ్చే పిడి టైప్ 2 గన్, 32 యాంప్స్ ఇస్తుంది. నా కారుకి ఆ గన్ నేరుగా పడుతుంది, స్కూటర్‌కి పడదు. నా డిక్కీలో ఆన్‌లైన్‌లో కొన్న అడాప్టర్ ఒకటుంది, ఒకవైపు టైప్ 2, రెండోవైపు మనం ఇంట్లో గీజర్‌కి పెట్టుకునే 15 యాంప్స్ సాకెట్. ఇంకేం, గన్‌కి అడాప్టర్, అడాప్టర్‌కి ఎక్స్‌టెన్షన్ బాక్స్, అందులో స్కూటర్ చార్జరూ, నా కారుతో ఇచ్చిన పోర్టబుల్ చార్జరూ రెండూ పెట్టేసి భోజనానికి కూర్చున్నాం. తెలివిగా చేశామని సంబరం కూడా. పప్పు, ఆవకాయ అయ్యేసరికి వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు, "సార్ వాసనొస్తోంది" అని. సాకెట్ కరిగిపోయి, ప్లగ్గు దానికి అతుక్కుపోయి ఉంది. ఎమర్జెన్సీ బటన్ నొక్కడం ఆ వాచ్‌మన్‌కి తెలిసి ఉండబట్టి అక్కడితో ఆగింది.

తప్పు నాది కాదని అనను. రెండు బండ్లు కలిపి లాగింది పద్దెనిమిది, పందొమ్మిది యాంప్స్ ఉంటుంది, పైన మిట్టమధ్యాహ్నం ఎండ. కానీ చార్జర్ ఎందుకు ఆపలేదు, అడాప్టర్ ఎందుకు ఆపలేదు అని నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు ఆటోనగర్‌లో నాకు తెలిసిన ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్తే విప్పి చూపించాడు. టైప్ 2 గన్‌లో కరెంటు పిన్నులు కాక ఇంకో రెండు చిన్న పిన్నులుంటాయి. బండీ చార్జరూ వాటి మీదే మాట్లాడుకుంటాయి. "నేను 32 యాంప్స్ దాకా ఇవ్వగలను" అని చార్జర్ చెబుతుంది, "నేను సిద్ధం" అని కారు జవాబిచ్చాకే గన్‌లోకి కరెంటు వస్తుంది, చార్జర్ చెప్పిన లెక్క దాటకుండా కారు తీసుకుంటుంది. నా అడాప్టర్‌లో ఉన్నదల్లా ఒక డయోడు, ఒక రెసిస్టరు. అవి చేసే పని, "నేనే కారుని" అని చార్జర్‌కి అబద్ధం చెప్పడం. అది నమ్మేసి 32 యాంప్స్ దాకా తలుపు తీసి పెట్టింది, సాకెట్ మాత్రం పదిహేనుకే పుట్టింది, మధ్యలో ఆపడానికి ఫ్యూజు లేదు, ఎంసీబీ లేదు. "ఇది అడాప్టర్ కాదు సార్, ఎక్స్‌టెన్షన్ బాక్సుకి వేషం వేశారు" అన్నాడు.

ఆ వేషానికి ఐఎస్ఐ మార్కు లేదు. అమ్మినవాడి ఫోన్ నంబరు లేదు. ఎన్ని యాంప్స్ దాకా వాడాలో దాని మీద రాసి లేదు. రేటింగ్ మాత్రం నాలుగున్నర స్టార్లు.

డీసీ వైపు, అంటే ఫాస్ట్ చార్జర్ల వైపు, చూస్తే మనం అదృష్టవంతులమే. ఇప్పుడు మన దగ్గర అమ్ముతున్న కార్లలో ఫాస్ట్ చార్జింగ్ ఉన్నవాటికి దాదాపు అన్నిటికీ సీసీఎస్ 2 గన్నే, 2025 జులైలో ముంబైలో షోరూమ్ తెరిచిన టెస్లా కూడా మన దగ్గర సీసీఎస్ 2తోనే వచ్చింది. మరి ఇంకా అడాప్టర్ గొడవ ఎక్కడిదంటే, పాత గన్లది. 2018 డిసెంబర్‌లో కేంద్రం ఇచ్చిన మొదటి గైడ్‌లైన్స్‌లో పబ్లిక్ స్టేషన్ అంటే సీసీఎస్, చాడెమో, టైప్ 2, భారత్ డీసీ, భారత్ ఏసీ, ఈ ఐదు రకాల గన్లూ ఉండాలన్నారు. మరుసటి ఏడాదే సడలించారు, ఏ గన్ పెట్టుకోవాలో స్టేషన్ వాళ్ల ఇష్టమన్నారు. ఈలోపు పెట్టినవి పెట్టేశారు. ఇప్పుడు సీసీఎస్ గన్ పాడైపోయి పక్కనున్న పాత గన్ పచ్చలైటుతో ఖాళీగా కనిపిస్తే ఎవరికైనా అడాప్టర్ మీదే మనసు పోతుంది. మా వాట్సాప్ గ్రూపులో ఒకాయన "అన్ని గన్లకీ పనికొస్తుంది" అని ఉన్నదాన్ని ఆర్డర్ పెట్టబోతే ఆపడానికి రెండు రోజులు పట్టింది. చాడెమో మాట్లాడే భాష వేరు, సీసీఎస్ మాట్లాడే భాష వేరు, మధ్యలో ఒక దుబాసీ ఉండాలి, అంటే అది ఉత్త రాగి ముక్క కాదు, చిన్న కంప్యూటరు. ఇక భారత్ డీసీ గన్ 72 వోల్టుల నాటి చిన్న కార్ల కోసం చేసింది, మూడొందల వోల్టుల పైన ఉండే ఇప్పటి బ్యాటరీకి దాన్నుంచి అడాప్టర్ కాదు కదా దేవుడు దిగొచ్చినా ఎక్కదు. ఈ ముక్క ఆ స్టేషన్ దగ్గర తెలుగులో ఒక్క లైను రాసి పెడితే అయిపోయేది కదండీ.

అమెరికాలో ఇదే తలనొప్పి పెద్ద ఎత్తున వచ్చింది. 2022 నవంబర్‌లో టెస్లా తన గన్ డిజైన్ అందరికీ ఇచ్చింది, 2023లో ఫోర్డ్, జీఎం మేమూ దానికే మారతామన్నాయి. అప్పటికే రోడ్డు మీదున్న కార్లకి అడాప్టర్ కావాలి. దాన్ని వీధిలో దొరికేదానికి వదిలేయకుండా కార్ల కంపెనీలే తమ పేరు మీద ఇచ్చాయి. 2024లో ఫోర్డ్ ఇచ్చినవాటిలో కొన్నిటికి లోపం రావచ్చని తేలితే వాడొద్దని ఓనర్లకి చెప్పి, మార్చి ఇచ్చింది. నా అడాప్టర్ కరిగితే నాకు ఎవరు చెప్పాలి, ఎవరు మార్చాలి?

స్కూటర్ల దగ్గర మరీ అన్యాయం. ఏథర్ తయారుచేసిన కనెక్టర్‌ని 2023లో బీఐఎస్ ప్రమాణంగా ఆమోదించింది, హీరో విడా కూడా అదే వాడుతోంది, బాగుంది. కానీ మిగతా కంపెనీల్లో చాలావాటికి ఎవరి గన్ వాళ్లదే. అందుకే మా బావమరిది లాంటివాళ్లు 15 యాంప్స్ సాకెట్ ఎక్కడ దొరుకుతుందా అని చూస్తుంటారు, ఇలాంటి అడాప్టర్లు అందుకే అమ్ముడుపోతాయి. ప్రతి స్టేషన్‌లో ఎంసీబీతో ఒక మామూలు సాకెట్ పెడితే సగం అడాప్టర్లు మూలన పడతాయి, దానికి పెద్ద ఖర్చేమీ కాదు.

ఇంకో రకం కూడా ఉందండోయ్. గన్ ఒకటే, కారుకి పడుతుంది, కానీ షోరూమ్ ముందున్న సెక్యూరిటీ "వేరే కంపెనీ బండ్లకి పెట్టం సార్" అంటాడు. ఆ చార్జర్ వాళ్ల సొంత డబ్బుతో పెట్టుకుంటే వాళ్లిష్టం. సబ్సిడీ తీసుకున్నదైతే మాత్రం ఆ మాట అనకూడదు. దీనికి అడాప్టర్ ఏ ఆన్‌లైన్‌లోనూ దొరకదు.

నేను అడిగేది పెద్దది కాదు. మీ సబ్సిడీతో వచ్చే ప్రతి చార్జర్ మీదా ఏ గన్ ఉంది, ఎన్ని యాంప్స్, అడాప్టర్ పెట్టొచ్చా పెట్టకూడదా అని తెలుగులో రాయించండి. అడాప్టర్లు బీఐఎస్ మార్కు లేకుండా అమ్మకూడదని సంబంధిత శాఖతో మాట్లాడి చెప్పించండి, ప్రెషర్ కుక్కర్‌కి, హెల్మెట్‌కి చేసినట్టే. కారుతోపాటు ఏ అడాప్టర్ వాడొచ్చో కంపెనీ రాసివ్వాలి, అసలు వాడకూడదంటే వాడకూడదని రాయాలి, మాన్యువల్ 214వ పేజీలో ఇంగ్లిష్‌లో కాదు.

కాలిపోయిన అడాప్టర్ పారేయలేదు, ప్లగ్గుతో సహా నా దగ్గరే ఉంది. మీరు గన్నవరంలో దిగే రోజు కబురు చేస్తే ఎయిర్‌పోర్టు దగ్గరికే తెచ్చి చూపిస్తాను. పటమట నుంచి ఎంతో దూరం కాదు, చార్జింగ్ కూడా సరిపోతుంది.

ఇట్లు,
పటమట నుంచి ఒక ఈవీ ఓనరు