ఇంట్లో చేసిన ఆంప్, కొన్న ఆంప్: ఈ ఏటి వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం పనంతా దాదాపు ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది. మనం ఇంట్లో సోల్డరింగ్ చేసుకునే జేబు హెడ్‌ఫోన్ ఆంప్‌లు (ఫోన్‌కీ హెడ్‌ఫోన్‌కీ మధ్య పెట్టుకునే చిన్న ఆంప్లిఫయర్లు) బజార్లో కొనేవాటికంటే నిజంగా బాగా మోగుతాయా, లేక మన చేత్తో చేసుకున్నామన్న మమకారం కొద్దీ అలా అనిపిస్తుందా? పోయిన సర్వసభ్య సమావేశంలో దీనిమీద ఎంత గట్టిగా వాదించుకున్నామో వచ్చినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, భోజనాలు చల్లారిపోతున్నా ఎవరూ లేవలేదు. అందుకే కార్యవర్గం ఈసారి కొత్త ఆంప్‌లు కట్టించడం కాస్త తగ్గించి, ఉన్నవాటిని కొలవడం మీద, శ్రద్ధగా వినడం మీద సమయం పెట్టింది.

తేలింది ముందే చెప్పేస్తాను. వాల్యూమ్ సమానం చేసి, ఏది మోగుతోందో తెలియనివ్వకుండా వినిపిస్తే, సరిగ్గా కట్టిన ఇంటి ఆంప్‌కీ మంచి కొన్న ఆంప్‌కీ తేడా మనలో ఎవరూ నమ్మకంగా పట్టుకోలేకపోయారు. తేడా నిజంగా వినిపించిన చోట దాని కారణం మీటర్ మీద కూడా కనిపించింది. ఇది కొందరికి నిరాశగా ఉండొచ్చు కానీ నాకు మాత్రం ఈ ఏడాది దొరికిన మంచి కబురు ఇదే.

డబ్బు సంగతి క్లుప్తంగా: చందాలు, ఖర్చుల పద్దు అందరికీ విడిగా పంపాం. పెద్ద ఖర్చు ఒక్కటే, ఏసీ మిల్లీవోల్టులు నమ్మకంగా చూపించే మంచి మల్టీమీటర్. కొనేటప్పుడు కొందరు అభ్యంతరం చెప్పారు కానీ అది లేకపోతే ఈ నివేదికలో సగం రాయడానికే ఉండేది కాదు.

వర్క్‌షాపుల్లో కొత్తవాళ్లకి ఎప్పటిలాగే సీమోయ్‌తోనే మొదలుపెట్టించాం. చూ మోయ్ 1990ల చివర్లో అందరికీ ఇచ్చేసిన డిజైన్ అది: ఒక 9 వోల్టుల బ్యాటరీ, ఒక డ్యుయల్ ఆప్‌ఆంప్ (సిగ్నల్‌ని పెంచే ఆంప్‌లు రెండు ఉన్న చిప్), గుప్పెడు రెసిస్టర్లు, కెపాసిటర్లు, పిప్పరమెంటు బిళ్లల రేకు డబ్బా, అంతే. సామానంతా కోఠి గుజరాతీ గల్లీలో ఒక పూట తిరిగితే దొరుకుతుంది, ఒక్క చిప్ విషయంలోనే జాగ్రత్త పడాలి, అది కింద చెప్తాను. ఈసారి ప్రతి ఒక్కరి చేతా చేయించిన మార్పు గెయిన్, అంటే ఆంప్ సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ అంకె, తగ్గించడం. అసలు డిజైన్‌లో ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ 10కే (అంటే పది వేల ఓమ్‌లు), కింద 1కే, అంటే గెయిన్ 11. ఇప్పటి ఫోన్లు, డాంగిళ్లు (ఫోన్‌కి తగిలించి హెడ్‌ఫోన్ పెట్టుకునే చిన్న అడాప్టర్లు) వాటంతట అవే 1 వోల్టు దాకా ఇస్తున్నాయి, దాన్ని మళ్లీ పదకొండు రెట్లు చేస్తే వాల్యూమ్ నాబ్ కాస్త కదిపేసరికి చెవులు అదిరిపోతాయి. పైగా చవక డ్యుయల్ పొటెన్షియోమీటర్లలో (వాల్యూమ్ నాబ్ వెనక ఉండే భాగం) నాబ్ అట్టడుగున ఉన్నప్పుడు కుడి ఎడమల మధ్య తేడా ఎక్కువగా ఉంటుంది, గొంతు మధ్యలో కాకుండా ఒక పక్కకి జరిగినట్టు వినిపిస్తుంది. 1కే తీసి 4.7కే పెడితే గెయిన్ 3 దగ్గరికి వస్తుంది, నాబ్ సగం దాకా తిప్పుకోవచ్చు, సన్నటి బుస కూడా తగ్గుతుంది. "నా ఆంప్‌లో ఎడమవైపు తక్కువ వస్తోంది" అని ఏళ్ల తరబడి అంటున్న ఇద్దరు ముగ్గురు సభ్యుల సమస్య ఈ రెసిస్టర్లు మార్చడంతోనే తీరిపోయింది.

చిప్‌ల సంగతి. ఒక బ్యాచ్‌లో, సీమోయ్‌లో మనం వాడే ఆప్‌ఆంప్ ఓపీఏ2134 అని ముద్ర ఉన్న చిప్‌లు చాలా చవకగా వచ్చాయి, ఎక్కడివో ఇక్కడ రాయను. బోర్డు కట్టాక, హెడ్‌ఫోన్ పెట్టకముందే అవుట్‌పుట్ దగ్గర డీసీ (పాట లేకపోయినా నిలకడగా ఉండే వోల్టేజి) చూడమని మనం అందరికీ చెప్తాం కదా, అలా మీటర్ పెట్టి చూస్తే మామూలుగా ఐదారు మిల్లీవోల్టులు ఉండాల్సిన చోట 200 దాటి చూపించింది. ఫిజిక్స్ మాస్టారు అక్కడే కాగితం తీసి లెక్క వేసి చూపించారు: అసలు ఓపీఏ2134 ఇన్‌పుట్ ఫెట్ రకం, అందులోకి పోయే కరెంటు పికోఆంపుల్లో ఉంటుంది, ఇన్‌పుట్ దగ్గరున్న 100కే రెసిస్టర్ మీద దానివల్ల పడే వోల్టేజి లెక్కలోకే రాదు, అదే లోపల ఎన్‌ఈ5532 లాంటి బైపోలార్ రకం ఉంటే ఇన్‌పుట్ కరెంటు 200 నానోఆంపుల దగ్గర, 100కే మీద 20 మిల్లీవోల్టులు, దానికి గెయిన్ 11 కలిస్తే 220. గెయిన్ ఇంకా తగ్గించని బోర్డు కాబట్టి అంకె సరిగ్గా సరిపోయింది. పైన ముద్ర ఏదైనా లోపల ఉన్నది వేరే చిప్ అని అలా తేలింది. 32 ఓమ్‌ల ఇయర్‌ఫోన్‌కి అంత డీసీ ఎప్పుడూ పోతూ ఉంటే డయాఫ్రం ఒక పక్కకి లాగబడి ఉంటుంది, పాట ఎలా ఉన్నా వస్తువుకే మంచిది కాదు. కాబట్టి ఇకనుంచి సంఘం తరఫున కొనే చిప్‌లు మౌజర్, డిజికీ లాంటి పేరున్న ఎలక్ట్రానిక్ భాగాల అమ్మకందార్ల నుంచే వస్తాయి, కాస్త ఖరీదైనా సరే.

ఇంకో జాగ్రత్త రేకు డబ్బాది. సీమోయ్‌లో సిగ్నల్ గ్రౌండ్, బ్యాటరీ మైనస్ ఒకటి కాదు, రెండు 4.7కే రెసిస్టర్లతో 9 వోల్టుల్ని మధ్యకి చీల్చి ఆ మధ్య బిందువునే గ్రౌండ్ అనుకుంటాం. హెడ్‌ఫోన్ జాక్ మెడ ద్వారా డబ్బా ఒంటికి ఆ గ్రౌండ్ తగులుతుంది. ఇప్పుడు బయటి అడాప్టర్ కోసమని ఇనప రింగున్న సాకెట్ అదే డబ్బాకి బిగిస్తే బ్యాటరీ మైనస్ కూడా డబ్బాకే తగిలి సప్లైలో సగం షార్ట్ అవుతుంది. ప్లాస్టిక్ సాకెట్ వాడండి, మూత లోపలివైపు మందపాటి టేపు అంటించండి, జేబులో నొక్కుకున్నప్పుడు మూత వంగి సోల్డర్ ముక్కులకి ఆనుతుంది.

సీమోయ్ దాటినవాళ్లు ఓ2 అనే ఆంప్ కట్టారు. 2011లో ఎన్‌డబ్ల్యూఏవీగై అనే మారుపేరుతో ఒకాయన కొలతలతో సహా బయటపెట్టిన డిజైన్ అది, ఆ మరుసటి ఏడాదికి ఆయన రాయడం మానేశారు, ఎవరో ఇప్పటికీ తెలియదు. గెయిన్‌కి ఎన్‌జేఎం2068, అవుట్‌పుట్‌కి ఒక్కో చానల్లో ఎన్‌జేఎం4556ఏ లోని రెండు ఆంప్‌లు జంటగా, రెండు 9 వోల్టుల రీచార్జబుల్ బ్యాటరీలు. ఒక బ్యాటరీ ముందే దిగిపోతే హెడ్‌ఫోన్‌లోకి డీసీ పోకుండా రెండు వైపులా సప్లై కత్తిరించే సర్క్యూట్ కూడా పెట్టారు, ఆ శ్రద్ధ నాకెంతో నచ్చుతుంది. మన వాదనకి అసలు జవాబు ఇక్కడే ఉందనిపిస్తుంది. ఓ2 లైసెన్సు ప్రకారం డిజైన్ మార్చకుండా ఎవరైనా తయారుచేసి అమ్ముకోవచ్చు, అమెరికాలో జేడీఎస్ ల్యాబ్స్ లాంటివాళ్లు అమ్మారు కూడా. అదే సర్క్యూట్, అవే చిప్‌లు, ఒకటి ఫ్యాక్టరీ బల్ల మీద, ఒకటి మన వంటింటి బల్ల మీద. ఇందులో ఏది ఇంటి శబ్దం, ఏది కంపెనీ శబ్దం?

ఒక హెచ్చరిక, ఓ2కి బయటి అడాప్టర్ ఏసీ అవుట్‌పుట్‌ది కావాలి, మన దగ్గర దొరికేవి దాదాపు అన్నీ డీసీవే, ప్లగ్ సరిపోయింది కదా అని పెట్టేయకండి.

ఇక వినికిడి పరీక్షలు. వనస్థలిపురంలో ఒక సభ్యుడి మేడమీద గది, ఎండాకాలం, అయినా ఫ్యాన్ ఆపేయాల్సిందే, ఆ గాలి చప్పుడులో బుస వినపడదు. మాస్టారు చెక్క పెట్టెలో స్విచ్ పెట్టుకుని బీరువా వెనక కూర్చున్నారు. ఇంట్లో కట్టిన ఓ2 ఒకవైపు, పేరున్న చైనా కంపెనీ ఆంప్ ఇంకోవైపు. ముందు ఒక పూట వాల్యూమ్ కొలవకుండా, చెవికి సుమారుగా సరిచేసుకుని విన్నాం. అప్పుడు ఇంటి ఓ2కే ఎక్కువమంది ఓటు వేశారు, వీణ తీగ మీద వేలు జారడం స్పష్టంగా ఉందనీ, మృదంగం ఎడమ మూతకి బరువు ఉందనీ అన్నారు. తర్వాత రెండింటికీ హెడ్‌ఫోన్ తగిలించి ఉంచే, 200 హెర్ట్జ్ టోన్ పెట్టి మీటర్‌తో కొలిస్తే ఓ2 కాస్త ఎక్కువ మోగుతోందని తేలింది. (మామూలు మల్టీమీటర్లు పైస్థాయి ఫ్రీక్వెన్సీల్లో ఏసీని సరిగా చూపించవు, అందుకే 200.) 0.1 డెసిబెల్ లోపు సమానం చేయాలంటే 300 మిల్లీవోల్టుల దగ్గర మూడున్నర మిల్లీవోల్టుల తేడా కూడా ఉండకూడదు, నాబ్‌ని వెంట్రుకవాసి చొప్పున కదపాల్సి వస్తుంది, ఓపిక కావాలి. అలా సమానం చేశాక మళ్లీ విన్నాం. ఒక్కొక్కరికీ 16 సార్లు వినిపించి, ఏ ఆంప్ మోగుతోందో 12 సార్లయినా సరిగ్గా చెప్తేనే లెక్క అనుకున్నాం, ఎందుకంటే ఊరికే ఊహించి 12 గానీ అంతకంటే ఎక్కువ గానీ సరిగ్గా చెప్పగలిగే అవకాశం 4 శాతం కంటే తక్కువ. 300 ఓమ్‌ల సెన్‌హైజర్‌తో గానీ 32 ఓమ్‌ల గ్రాడోతో గానీ ఎవరూ ఆ గీత దాటలేదు. వీణ అలాగే ఉంది, మృదంగం అలాగే ఉంది.

ఇది చూసి కొందరు సభ్యులు బాధపడ్డారని నాకు తెలుసు. పరీక్షలో టెన్షన్ వల్ల చెవి పనిచేయదని ఒకరన్నారు, అది తీసిపారేసే మాట కాదు, అందుకే అదే సభ్యుడికి ఆంప్‌లు రెండూ పెట్టెతో సహా ఇంటికిచ్చి తీరిగ్గా వినమన్నాం. ఫలితం మారలేదు.

అయితే బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ ఇయర్‌ఫోన్లు (చిన్న చిన్న డ్రైవర్లతో చెవిలోకి దూర్చుకునే రకం) పెట్టగానే కథ మారింది. ఇద్దరు సభ్యులు తమ సీమోయ్‌కి అవుట్‌పుట్ వరసలో 10 ఓమ్‌ల రెసిస్టర్లు ఫీడ్‌బ్యాక్ బయట పెట్టుకున్నారు, ఆసిలేషన్ (ఆంప్ తనంతట తానే సిగ్నల్ పుట్టించడం) రాకుండా. 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కి దానివల్ల వచ్చే మార్పు పదో వంతు డెసిబెల్ దగ్గర, ఎవరికీ తెలియదు. కానీ చాలా డ్రైవర్లున్న ఇయర్‌ఫోన్ ఇంపీడెన్స్ (సిగ్నల్‌కి అది చూపించే నిరోధం, ఓమ్‌లలో) ఫ్రీక్వెన్సీని బట్టి విపరీతంగా మారుతుంది. అది ఒకచోట 5, ఇంకోచోట 40 ఓమ్‌లు అనుకుంటే, ముందున్న 10 ఓమ్‌లతో కలిసి రెండు చోట్ల మధ్య ఏడున్నర డెసిబెల్స్ తేడా పుడుతుంది. అదే ఓ2 లాగా అర ఓమ్ అయితే ముప్పావు డెసిబెల్ కూడా ఉండదు. గదిలో ఉన్న అందరూ ఈ తేడాని కళ్లు మూసుకుని చెప్పారు, ఒక ఆంప్‌లో గాయని స్వరం పక్కగదిలోంచి వస్తున్నట్టుంది. కొందరికి ఆ రంగు నచ్చింది కూడా, నచ్చితే ఉంచుకోండి, కానీ అది ఆంప్ గొప్పతనం కాదు, రెసిస్టర్ చేసిన ఈక్వలైజర్. వద్దనుకుంటే ఆ రెసిస్టర్‌ని ఫీడ్‌బ్యాక్ లోపలికి జరపండి, లేదా తీసేసి ఆసిలేషన్ ఉందేమో మన ఆసిలోస్కోప్ మీద చూసుకోండి. మీ హెడ్‌ఫోన్ ఇంపీడెన్స్‌లో ఎనిమిదో వంతు కంటే ఆంప్ అవుట్‌పుట్ ఇంపీడెన్స్ తక్కువ ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు.

కరెంటు దగ్గర కూడా సీమోయ్ ఓడిపోతుంది. ఓపీఏ2134 ఇవ్వగలిగేది 35 మిల్లీఆంపుల దగ్గర, 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌తో గట్టిగా పెడితే తవిల్ దెబ్బ నలిగిపోతుంది, బ్యాటరీ సగం దిగాక మరీను. ఇది కొలతలోనూ కనిపించింది, చెవికీ తెలిసింది.

కొన్నవాటి పక్షాన కూడా గట్టిగానే చెప్పాలి. 3.7 వోల్టుల లిథియం బ్యాటరీ నుంచి ప్లస్, మైనస్ సప్లైలు తయారుచేసి, ఆ స్విచింగ్ రొద పాటలోకి రాకుండా చిన్న బోర్డులో సర్దడం ఇంట్లో చాలా కష్టం, మన ప్రయత్నాలు ఏవీ అంత శుభ్రంగా రాలేదు. సీఎస్43131 లాంటి చిప్‌లో డాక్ (డిజిటల్ పాటని సిగ్నల్‌గా మార్చేది), హెడ్‌ఫోన్ ఆంప్ రెండూ ఉంటాయి, కాళ్లు లేని ఆ చిప్‌ని మామూలు సోల్డరింగ్ ఐరన్‌తో అంటించలేం, కానీ దానితో వచ్చే వేలెడంత డాంగిళ్లు మన ఆంప్‌లలో చాలావాటికంటే నిశ్శబ్దంగా ఉన్నాయి. ఫోన్ ఆంప్‌కి ఆనించి పెడితే వచ్చే గర్‌గర్ కూడా వాటిలో రాలేదు. రోజూ బస్సులో వినే సభ్యులకి నేను డాంగిలే చెప్తాను, మొహమాటం లేదు. ఆపిల్ డాంగిల్ కొనేవాళ్లు మాత్రం, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో దాని వాల్యూమ్ తక్కువ వస్తుందని తెలుసుకుని కొనండి.

మరి ఇంట్లో ఎందుకు కట్టుకోవాలి? ఒక సభ్యురాలి కొన్న ఆంప్‌లో బ్యాటరీ ఉబ్బి వెనక రేకు లేచిపోయింది, జిగురుతో అంటించిన బ్యాటరీ, స్పేర్ దొరకలేదు, పక్కన పడేశారు. ఆవిడ చాలా ఏళ్ల కిందట కట్టిన సీమోయ్ మాత్రం నాబ్ మారి, జాక్ మారి, చిప్ మారి ఇప్పటికీ మోగుతోంది. గెయిన్ తన హెడ్‌ఫోన్‌కి సరిపడా ఆవిడే పెట్టుకున్నారు, ఏ భాగం ఏం చేస్తోందో ఆవిడకి తెలుసు. శబ్దం సమానమైనప్పుడు ఇవే నా దృష్టిలో అసలు తేడాలు, వీటి కోసం కట్టుకోవడం పూర్తిగా న్యాయం.

వచ్చే ఏడాదికి కార్యవర్గం అనుకున్నవి: సభ్యుల ఆంప్‌లన్నిటికీ అవుట్‌పుట్ ఇంపీడెన్స్ కొలిచి పట్టిక వేయడం, పాలిటెక్నిక్ పిల్లల కోసం సెలవుల్లో ఒక సీమోయ్ తరగతి, చిప్‌ల ఉమ్మడి కొనుగోలు. ఇకమీదట సంఘం సమావేశాల్లో ఏ ఆంప్‌లను పోల్చినా మీటర్‌తో సమానం చేశాకే పోల్చాలన్న తీర్మానం కూడా మీ ఆమోదానికి పెడుతున్నాం. అమెరికా నుంచి సంక్రాంతికి వచ్చే సభ్యులొకరు చిప్‌లు తెస్తామన్నారు, కావాల్సినవాళ్లు ఎన్ని కావాలో, ఏ నంబరో ఈ నెలాఖరులోగా కోశాధికారికి రాసి పంపండి.

ఇట్లు,
కార్యదర్శి