దుర్గ చూడని రైలు

మిత్రమా,

ఈ మధ్య ఏం చదివావు, ఏం చూశావు, ఏం విన్నావు అని ఒకే ఊపులో అడిగావు కదా, మూడింటికీ జవాబు ఒకటే: పథేర్ పాంచాలి. నవ్వకు. సినిమా ఇదివరకు చూసిందే. కానీ 1929లో పుస్తకంగా వచ్చిన బెంగాలీ రచయిత బిభూతిభూషణ్ నవలను మద్దిపట్ల సూరి గారి తెలుగులో ఇప్పుడే చదివాను. మూసీ మూయగానే 1955 నాటి సత్యజిత్ రాయ్ సినిమా పెట్టుకున్నాను. అదీ అయ్యాక అందులోని రవిశంకర్ సంగీతాన్ని విడిగా విన్నాను. ఇంట్లోవాళ్లు నన్ను వదిలేశారు.

పుస్తకం ముందు ఏ సినిమా అయినా దిగదుడుపే అని నువ్వు వాదిస్తావు చూడు, ఈసారి నీకు సగం గెలుపే ఇస్తాను. రైలు దగ్గర గెలుపు నీదే. సినిమాలో అక్కాతమ్ముళ్లు తెల్లటి రెల్లుపూల మధ్య పరుగెత్తడం, దుర్గ పడిపోవడం, అపు రైలును దగ్గరగా చూడడం ఎవరూ మరచిపోలేరు. నవలలో అదేమీ లేదు! తప్పిపోయిన దూడను వెతికే వంకతో ఇద్దరూ పట్టాలు చూద్దామని బయలుదేరి, దారి తప్పి, ఉత్త చేతులతో తిరిగొస్తారు. జ్వరంతో పడుకున్న దుర్గ, నయమయ్యాక నాకు రైలు చూపిస్తావా అని తమ్ముణ్ణి అడుగుతుంది. అంతే. చివరికి అపు రైలెక్కి ఊరు వదిలేటప్పుడు ఆ అక్కే గుర్తొస్తుంది. నేను పుస్తకం పక్కన పెట్టి లేచి అటూ ఇటూ తిరిగాను.

దొంగతనం విషయంలో మాత్రం నేను సినిమా పక్షం. నవలలో దుర్గ దొంగిలించి దాచింది బంగారు కుంకుమభరిణె. ఆమె పోయాక అది అపు కంటబడితే వెదురుపొదల్లోకి విసిరేస్తాడు. రాయ్ దాన్ని పూసల దండ చేసి చెరువులో వేయించాడు. నీటి మీది నాచు కాస్త విడివడి మళ్లీ నెమ్మదిగా కలిసిపోతుంది. ఆ పిల్ల పరువును చెరువే దాచిపెట్టినట్టు లేదూ? వెదురుపొద అంత పని చేయలేదు, ఒప్పుకో.

ఆ ఇంట్లో ఉండే ముసలి బంధువు ఇందిర్ సంగతీ చెప్పాలి. నవలలో ఆవిడ తొందరగానే చనిపోతుంది. సినిమాలో చాలాసేపు ఉంటుంది. ఆ పాత్ర వేసిన చునీబాలా దేవి బోసినవ్వు చూశాక ఎవరికి మాత్రం పంపేయాలనిపిస్తుంది? పాపం, ఆవిడ సినిమా విడుదలకు ముందే కన్నుమూశారు.

ఇక వినడం. దుర్గ పోయిన సంగతి తెలియని తండ్రి హరిహర్ ఆమెకని చీర తెచ్చి చూపించినప్పుడు తల్లి సర్బజయ ఏడుస్తుంది, కానీ ఆమె గొంతు మనకు వినిపించదు. దాని బదులు తార్ షెహనాయి మీద హిందుస్తానీ పట్‌దీప్ రాగం పై స్థాయిలో చీల్చుకుంటూ వస్తుంది. షెహనాయి అన్నారు కదా అని ఊదే వాద్యం అనుకునేవు, కమానుతో వాయించేది. రాగమేమో మన కర్ణాటక సంగీతంలోని గౌరీమనోహరికి దగ్గరి చుట్టం. రవిశంకర్ సగం సినిమా మాత్రమే చూసి, ఒక్క రాత్రిలో సంగీతమంతా రికార్డు చేశారంటే నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. సితార్ ముక్కలు విడిగా విన్నా బాగున్నాయి. ఈ ఏడుపు ముక్క మాత్రం విడిగా నిలబడలేదు. సర్బజయ ముఖం లేకపోతే అది ఉత్త పై స్వరం. మంచి సినిమా సంగీతానికి అది లోపం కాదనే నా అభిప్రాయం, నువ్వు ఎలాగూ ఒప్పుకోవు.

తరువాత దీని కొనసాగింపు అపరాజితో. 1956లో వచ్చిన ఆ సినిమాను ఈ నవల చివరి భాగంతో, అపరాజితో అనే రెండో నవల మొదటి భాగంతో అల్లారు. ఎక్కడ కుట్టారో వెతకాలని ఉంది. నేను పుస్తకం పడతాను, నువ్వు సినిమా చూడు, కొట్లాట తరువాత పెట్టుకుందాం. నీ అలవాటు కొద్దీ ఫోనులో ఒకటిన్నర రెట్ల వేగంతో చూశావో, నీ వాదన వినేది లేదు.

నీ
నేస్తం