ఏడు మెట్ల వర్క్‌ఫ్లో, ఎనిమిది ప్రశ్నల ఫారం

ఒరేయ్ వాసూ,

నిన్న ఫోన్లో నువ్వు హడావిడిగా ఉన్నావు, నేను సగంలోనే పెట్టేశాను. అందుకే ఇవాళ తీరిగ్గా రాస్తున్నా. మీ ఆఫీసులో బిల్లులు, ఒప్పందాల కాగితాలు, కొత్తగా చేరేవాళ్ల సర్టిఫికెట్లు అన్నీ ఒక వర్క్‌ఫ్లోలో (అంటే కాగితం ఎవరి నుంచి ఎవరికి వెళ్లాలో ముందే గీసిపెట్టిన దారిలో) పెట్టేస్తామని, సాఫ్ట్‌వేర్ కూడా చూసేశామని అన్నావు కదా. సంతకం పెట్టేముందు మా గోడు కాస్త విను.

రెండేళ్ల కిందట మేమూ ఇదే చేశాం. బోర్డు మీద గీసినప్పుడు ఎంత ముచ్చటగా ఉందనుకున్నావ్! ఒక డబ్బా, దాన్నుంచి బాణం, ఇంకో డబ్బా. బిల్లు వస్తే ఒకరు ఎక్కించాలి, ఇంకొకరు సరిచూడాలి, ఆపై మేనేజరు, మళ్లీ అకౌంట్స్... మొత్తం ఏడు మెట్లు. తయారవడానికి మూడు నెలలు పట్టింది. ఆ గీసినవాళ్లలో నేనూ ఉన్నాను, తప్పించుకోను.

మొదలైన రెండో నెలకే జనం దొడ్డిదారి కనిపెట్టేశారు. బిల్లు స్కాన్ చేసి మెయిల్లో పంపడం, ఫోన్ చేసి ‘సార్, ఓకేనా’ అని అడగడం, పని అయిపోయాక తీరిక దొరికినప్పుడు వర్క్‌ఫ్లోలో లాంఛనంగా ఎక్కించడం. ఒక పని రెండుసార్లు. దీనికి ఆటోమేషన్ అని పేరు!

ఒకరోజు అకౌంట్స్ మేడమ్ పక్కన కూర్చుని ఒకే ఒక బిల్లు చరిత్ర తెరిచి చూశాను. ఏడు పేర్లు, ఏడు తేదీలు. కామెంట్ల కాలమ్‌లో ఓకే, ఓకే, ఓకే, ఒకచోట ఉత్త చుక్క. అయిదో పేరు దగ్గర పదమూడు రోజులు పెండింగ్. ఎందుకని అడిగితే ఆయన సెలవులో ఉన్నాడట. ఆయన వచ్చాక చేసింది కూడా ఓకే నొక్కడమే. మరి ఇందులో నిజంగా ఆలోచించి నిర్ణయం తీసుకున్నది ఎవరు అని అడిగాను. మేడమ్ నవ్వి మూడో పేరు మీద వేలు పెట్టింది. అంటే ఏడుగురిలో ఒక్కడు. మిగతా ఆరూ కాగితం ఈ చేతి నుంచి ఆ చేతికి మారడమే. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చామని నాకు అప్పుడు వెలిగింది. మాకు లేనిది అప్రూవల్ కాదురా. వివరాలు, ఫైలు రెండూ ఒకేసారి, ఒకేచోట, ఒకే తీరులో చేరడం లేదు, అంతే.

దాంతో ఒక ఫారం చేశాం. మామూలు గూగుల్ ఫారమే, లింకు తెరిచి ప్రశ్నలు నింపి పంపేది. వచ్చిన ప్రతి జవాబూ షీట్‌లో ఒక వరుస అవుతుంది, అటాచ్ చేసిన ఫైలు గూగుల్ ఫైళ్లు దాచే డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లో పడి, దాని లింకు అదే వరుసలో కూర్చుంటుంది. ఆ మూడో మనిషి ఉదయం షీట్ తెరిచి, లింకు నొక్కి బిల్లు చూసి, పక్క కాలమ్‌లో ఒక మాట రాస్తాడు. ఆయన సెలవు పెడితే ఆ షీట్ ఇంకొకరు తెరుస్తారు.

ఇంత సులువేనా అంటావు. మొదటి ఫారం ఘోరంగా తన్నేసిందిలే. ముప్పై రెండు ప్రశ్నలు పెట్టాను, ‘ఎప్పటికైనా పనికొస్తుంది’ అని. జనం సగం నింపి వదిలేసేవారు, లేదా నక్షత్రం గుర్తున్న ప్రతి గడిలో ఒక గీత కొట్టి పంపేవారు. తప్పనిసరి అని పెట్టినంత మాత్రాన నిజం రాస్తారా? తర్వాత ఒక్కో ప్రశ్న దగ్గర ఆగి, ‘ఈ జవాబు చూసి ఎవరైనా ఏదైనా చేస్తారా’ అని అడుగుతూ పోతే ఎనిమిదే మిగిలాయి.

ఆ ఎనిమిదిలో ఎక్కువసేపు కొట్టుకున్నది సరఫరాదారు పేరు దగ్గర. చేత్తో రాయనిస్తే ఒకే కంపెనీకి నాలుగు పేర్లు వచ్చాయి: పొడి అక్షరాలతో ఒకటి, చివర ‘అండ్ కో’ తగిలించి ఒకటి, స్పెల్లింగ్ తప్పుతో ఒకటి, వెనక ఖాళీ వదిలి ఒకటి. కంటికి ఒకటే, షీట్‌కు మాత్రం నాలుగు కంపెనీలు. జాబితాలోంచి పేరు ఎంచుకునే డ్రాప్‌డౌన్ పెట్టగానే ఆ గోల పోయింది. ‘ఇతర’ అని ఒకటి ఉంచు, కానీ వారానికోసారి అందులో ఏం పడిందో చూసి జాబితాలో చేర్చు. లేకపోతే నెల తిరిగేసరికి అందరూ ‘ఇతర’లోనే ఉంటారు.

తేదీ కూడా అంతే. 4/5 అని రాస్తే ఒకడికి మే నాలుగు, ఇంకొకడికి ఏప్రిల్ అయిదు. తేదీకి తేదీ గడే పెట్టు, క్యాలెండర్లో నొక్కుకుంటారు. ఎక్సెల్‌కు తేదీల పిచ్చి ఎంతంటే, మార్చ్1 అనే జన్యువు పేరు కొడితే అది మార్చి ఒకటో తేదీ అనుకునేది. ఏళ్ల తరబడి పరిశోధకుల జాబితాల్లో ఆ తప్పులు దొర్లాయి. చివరికి 2020లో జన్యువులకు పేర్లు పెట్టే కమిటీయే ఓడిపోయి పేర్లు మార్చుకుంది. మార్చ్1 కాస్తా మార్చ్ఎఫ్1 అయింది, సెప్ట్1 సెప్టిన్1 అయింది. జీవశాస్త్రమే తలొంచిందంటే మన బిల్లులెంత!

ఇక ఫైళ్ల సంగతి. ఇక్కడే తలనొప్పులున్నాయి, మెల్లగా చదువు. గూగుల్ ఫారంలో ఫైలు అడిగితే నింపేవాళ్లు తమ గూగుల్ అకౌంట్‌తో లాగిన్ అవ్వాల్సిందే. బయటి సరఫరాదారులకు అది చిరాకు. మైక్రోసాఫ్ట్ ఫారమ్స్‌లో అయితే ఫైలు అప్‌లోడ్ మీ సంస్థలోని వాళ్లకే పని చేస్తుంది, బయటివాళ్లకు కాదు. అందుకని ఎవరు నింపుతారో ముందు తేల్చుకుని తర్వాత పనిముట్టు ఎంచుకో. ఇంకొకటి, గూగుల్‌లో ఆ ఫైళ్లన్నీ ఫారం యజమాని డ్రైవ్‌లో, అతని కోటాలో పడతాయి. ఉచిత అకౌంట్‌కు 15 జీబీ, అదీ మెయిల్‌తో కలిపి. మేం ఫారం ఒక కుర్రాడి అకౌంట్లో చేశాం. అతను ఉద్యోగం మానేసి వెళ్తున్నాడని తెలిసిన రోజు నా టెన్షన్ చూడాల్సింది! ఫోల్డర్లు ఎత్తుకుని వేరే అకౌంట్‌కు మార్చడానికి రెండు రోజులు పట్టింది. ఆఫీసు ఉమ్మడి అకౌంట్ ఒకటి పెట్టుకుని అందులోనే చెయ్యి.

షీట్‌లోనూ ఒక మెలిక ఉంది. కొత్త జవాబు వచ్చినప్పుడల్లా ఫారం కొత్త వరుసను మధ్యలో దూరుస్తుంది. నువ్వు కింద దాకా లాగి ఉంచిన ఫార్ములా ఆ వరుసకు రాదు, అది జరిగి కిందికి పోతుంది. నేను దాన్ని తెలుసుకోకుండా వారం పాటు మొత్తాలు తప్పుగా పంపాను. లెక్కలు వేరే షీట్‌లో పెట్టుకో, జవాబులున్న షీట్‌ను ముట్టుకోకు.

వర్క్‌ఫ్లో అసలు వద్దంటున్నానని అనుకోకు. డబ్బు బయటికి వెళ్లే చోట, ఎక్కించినవాడే మంజూరు చెయ్యకూడదు. అక్కడ మాకూ వర్క్‌ఫ్లో ఉంది, ఒకే మెట్టుతో. పైగా ఆ వర్క్‌ఫ్లో గీతలకు వయసు తక్కువ. ఆఫీసు ఫైళ్లు, జాబితాలు పెట్టుకునే షేర్‌పాయింట్ ఆన్‌లైన్‌లో 2010 తరహా వర్క్‌ఫ్లోలను మైక్రోసాఫ్ట్ 2020లోనే ఆపేసింది, 2013 తరహావాటికి 2026 ఏప్రిల్ అని గడువు చెప్పింది. ఆ వర్క్‌ఫ్లోలు పోయినా, వాటి కింద ఉన్న జాబితాలు, ఫైళ్లు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

మర్చిపోయా, ముందే నింపిన లింకు అని ఒకటుంది. ఒక్కో విభాగానికి వాళ్ల పేరు ముందే పడి ఉన్న లింకు పంపితే ఒక ప్రశ్న తగ్గినట్టే. మా స్టోర్స్ వాళ్లు ఇప్పుడు ఫోన్లోంచే బిల్లు ఫోటో తీసి నిమిషంలో పంపేస్తున్నారు. అకౌంట్స్ మేడమ్ మాత్రం ఇప్పటికీ ప్రింట్ తీసుకుంటుంది. తీసుకోనీ.

నువ్వు అడగాలనుకుంటున్న ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాసి నాకు పంపరా. సగం కొట్టేసి తిరిగి పంపుతాను. తిట్టుకోకూడదు మరి.

నీ
రఘు