మన కాలనీ సంఘం వార్షిక నివేదిక 2024–25: వస్తువుల భద్రత మీద మీరు రాసి పంపిన మాటలు ఏమైనాయంటే

సభ్యులందరికీ నమస్కారం. జమాఖర్చుల కాగితం విడిగా పంపిస్తున్నాం, సర్వసభ్య సమావేశంలో ఏం అడగాలన్నా అడగండి. మామూలు పనులు తొందరగా చెప్పేస్తా. వీధి లైట్లు అన్నీ వెలుగుతున్నాయి, వానలకు ముందే కాలవలో పూడిక తీయించినాం (2021 నవంబరు వానల్లో తిరుపతి ఎట్ల మునిగిందో ఎవరం మర్చిపోలేదు), చవితికి మట్టి వినాయకుడినే పెట్టినాం, పార్కులో కుళాయి బాగైంది. ఇవన్నీ మీరు రోజూ చూసేవే కాబట్టి ఇంతటితో ఆపుతా.

ఈసారి నివేదికలో ఎక్కువ చోటు ఒకే పనికి ఇస్తున్నాం, ఇంట్లో వాడే వస్తువుల భద్రత మీద మీ అందరి అభిప్రాయాలు ఆన్‌లైన్‌లో తీసుకున్న పని. చలికాలంలో మన వాట్సాప్ గ్రూపులో ఒకరు హీటర్ రాడ్డు ప్లగ్గు కరిగిపోయిన ఫోటో పెట్టినారు, దాని కింద వరసగా "మాదీ ఇట్లనే అయింది", "మేము పారేసి కొత్తది తెచ్చుకున్నాం" అని వచ్చినాయి. ఇన్ని ఇళ్ళల్లో జరిగింది కానీ ఒకరికి జరిగింది పక్కింటోళ్ళకి తెలీదు, అమ్మిన అంగడాయనకి తెలీదు, తయారు చేసిన కంపెనీకి అసలే తెలీదు. ఒక్క ఇంట్లో కరిగితే మీ వైరింగ్ బాగలేదమ్మా అని పంపించేస్తారు, నాలుగైదు ఇళ్ళల్లో ఒకే చోట ఒకే రకంగా కరిగితే ఆ మాట అనడం కష్టం. కమిటీలో ఈ మాట వచ్చినప్పుడే గూగుల్ ఫారం పెడదాం అనుకున్నాం, తెలుగులోనే.

ఫారంలో ఏం అడగాలి అనే దాని మీదే ఎక్కువ చర్చ నడిచింది. "ఈ వస్తువు మీకు నచ్చిందా, ఎన్ని స్టార్లు" అని అడిగితే బాగుంది, పర్లేదు, వేస్ట్ అనే మూడు మాటలే వస్తాయి, వాటితో ఎవరూ ఏమీ చేయలేరు. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు మనం చూసే రివ్యూలు చాలావరకు ఇట్లాంటివే, కొన్ని డబ్బులిచ్చి రాయించినవి కూడా ఉంటాయి, అందుకే బీఐఎస్ (వస్తువుల ప్రమాణాలు పెట్టి ఐఎస్ఐ గుర్తు ఇచ్చే కేంద్ర సంస్థ) వాళ్ళు 2022 నవంబరులో ఐఎస్ 19000 అని ఆన్‌లైన్ రివ్యూలకే ఒక ప్రమాణం తెచ్చినారు, రాసినాయన నిజంగా ఉన్నాడా లేదా చూడాలి, బాగలేదన్న రివ్యూలని దాచిపెట్టకూడదు, ఇట్లాంటివన్నీ దాంట్లో ఉంటాయి. అమెరికాలో అయితే 2011 నుంచి ప్రభుత్వమే సేఫర్‌ప్రొడక్ట్స్ అని ఒక వెబ్‌సైటు నడుపుతోంది, వస్తువు వల్ల దెబ్బ తగిలినా, తగలబోయి తప్పిపోయినా మామూలు జనం అందులో రాయొచ్చు, దాన్ని ముందు కంపెనీకి పంపి వాళ్ళ జవాబుకి టైమిచ్చి ఆ తర్వాత అందరికీ కనపడేట్టు పెడతారు. మన కాలనీకి అంత హంగామా అక్కర్లేదు గానీ రెండు సంగతులు మాత్రం అక్కడినుంచే తీసుకున్నాం, తప్పిపోయిన ప్రమాదాన్ని కూడా రాయమనడం, అమ్మినోళ్ళకి జవాబు చెప్పుకునే అవకాశం ముందే ఇవ్వడం.

అందుకని మన ఫారంలో వస్తువు ఏంది, ఎప్పుడు యాడ కొన్నారు, ఏం జరిగింది, జరిగిన టైములో దాన్ని ఎట్ల వాడుతున్నారు, దాని మీద ఉన్న గుర్తులు, నంబర్ల ఫోటో, ఇంతే అడిగినాం. ఆఖరిదే అన్నిటికన్నా ముఖ్యం. ఐఎస్ఐ గుర్తు పైన ఐఎస్ నంబరు, అంటే ఆ వస్తువు ప్రమాణం నంబరు, ఉంటుంది, కింద సీఎం/ఎల్ అని లైసెన్సు నంబరు ఉంటుంది, ఆ నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే లైసెన్సు ఏ కంపెనీది, ఏ వస్తువుకి, ఇంకా అమల్లో ఉందా అనేది కనపడతుంది. చార్జర్లు, పవర్ బ్యాంకుల లాంటివాటికి ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, అది కూడా అదే యాప్‌లో చూసుకోవచ్చు. నంబరు ఉన్న ఫిర్యాదు ఢిల్లీ దాకా అయినా పోతుంది, నంబరు లేని కోపం మన గ్రూపు దాటి పోదు, ఈ ఏడాది పనిలో నాకు బాగా అర్థమైంది ఇదే. కానీ మనలో చాలామంది చేసేది ఏందంటే వస్తువు పాడైన రోజే చెత్తబండిలో వేసేస్తాం, నంబరు దాంతోనే పోతుంది.

టైపు చేయలేని వాళ్ళ సంగతి కూడా చెప్పాలి. పెద్దవాళ్ళు, ఇళ్ళల్లో వంట పని చేసే అక్కలు ఫారం నింపరు కదా, అందుకని వాయిస్ మెసేజ్ పెడితే చాలు అన్నాం, మన కాలనీలో డిగ్రీ చదివే పిల్లలు వాటిని విని ఫారంలో ఎక్కించినారు, వాళ్ళకి సంఘం తరఫున మనస్ఫూర్తిగా థ్యాంక్స్. నిజానికి పనికొచ్చే సంగతులు ఎక్కువ వంట అక్కల నుంచే వచ్చినాయి. కుక్కర్ కొన్నది ఒకరు, దాని మూత రోజూ తీసి పెట్టేది ఇంకొకరు, రబ్బరు వదులైందా, వెయిట్ సరిగా కూర్చుంటోందా అనేది చేతికి తెలిసింది వాళ్ళకే, కానీ ఇంతవరకు వాళ్ళని ఎవరూ అడగలేదు. వస్తువుల గురించి సర్వే ఎవరు చేసినా బిల్లు కట్టినోళ్ళని కాకుండా వాడే వాళ్ళని అడగాలి అని నేను గట్టిగా నమ్ముతున్నా.

ఇప్పుడు వచ్చినవాటి సంగతి. మొదట హీటర్ రాడ్లు. రాసినవాళ్ళలో ఎక్కువమంది "ఎట్ల వాడుతున్నారు" అనే చోట ఒకే మాట రాసినారు, పెద్ద పిన్నుకి కన్వర్టర్ తగిలించి చిన్న సాకెట్‌లోనో, ఎక్స్‌టెన్షన్ బాక్సులోనో పెడుతున్నామని. 1500 వాట్ల రాడ్డు 230 వోల్టుల మీద దాదాపు ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది, చిన్న సాకెట్ చేసిందేమో 6 ఆంపియర్లకి, అంటే పెట్టిన రోజునుంచే దాని శక్తికి మించి పని చేయిస్తున్నాం, దానికి తోడు కన్వర్టర్ వదులుగా ఉంటే అక్కడే వేడి పుట్టి ప్లాస్టిక్ కరుగుతుంది. మనకి తెలిసిన ఎలక్ట్రీషియన్ అన్న వచ్చి ఇది అందరికీ విడమరిచి చెప్పినాడు, రాడ్డుకి 16 ఆంపియర్ల సాకెట్టే కావాలని, ఇంటికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) పెట్టించుకోమని, స్విచ్చి ఆపి ప్లగ్గు తీసేదాకా బకెట్లో వేలు పెట్టొద్దని. మరి తప్పంతా మనదేనా అంటే కాదు. కొన్ని రాడ్ల మీద ఏ గుర్తూ లేదు, కొన్నింటికి నీళ్ళు ఎక్కడిదాకా ఉండాలో చెప్పే గీత చెరిగిపోయింది, ఎక్కువ డబ్బాల్లో వాడే విధానం ఇంగ్లీషు, హిందీలోనే ఉంది. ఇంత ప్రమాదమున్న వస్తువుకి తెలుగులో నాలుగు మాటలు రాయించడం కంపెనీకి ఏం బరువు?

కుక్కర్లు రెండోది. ఇంట్లో వాడే ప్రెషర్ కుక్కర్‌కి ఐఎస్ 2347 ప్రకారం ఐఎస్ఐ గుర్తు ఉండాల్సిందే అని 2021 ఫిబ్రవరి 1 నుంచి నిబంధన ఉంది. గుర్తు లేని కుక్కర్లు, హెల్మెట్లు కొనొద్దని వినియోగదారుల హక్కులు చూసే కేంద్ర సంస్థ సెంట్రల్ కన్స్యూమర్ ప్రొటెక్షన్ అథారిటీ 2021 డిసెంబరులో హెచ్చరిక కూడా ఇచ్చింది, 2022లో ఒక పెద్ద ఆన్‌లైన్ అమ్మకం కంపెనీకి లక్ష రూపాయల జరిమానా వేసి అమ్మిన 2,265 కుక్కర్లు వెనక్కి తీసుకోమని ఆదేశించింది. మన దగ్గర వచ్చినవాటిలో కుక్కర్ కన్నా దానికి మార్చిన విడిభాగాల గొడవే ఎక్కువ. అసలు కంపెనీ సేఫ్టీ వాల్వ్ పోతే చవకలో దొరికిందని ఏదో ఒకటి వేయించుకుంటున్నారు, ఆ వాల్వ్ పనే లోపల ఆవిరి మరీ ఎక్కువైతే తాను కరిగి దారి ఇవ్వడం, అది కరగకపోతే మూత ఎగిరిపోవచ్చు. దయచేసి ఇక్కడ పది ఇరవై రూపాయలు మిగిలించుకోవద్దు.

బొమ్మల గురించి కొంచెం ఎక్కువే రాస్తా, ఎందుకంటే మన ఊరికి ఇది మామూలు సంగతి కాదు. గంగమ్మ జాతరలో, కొండకి పోయే దారుల్లో, బస్టాండు చుట్టూ రాష్ట్రాలు రాష్ట్రాల జనం పిల్లలకి బొమ్మలు కొంటారు, మన దగ్గర అమ్మిన బొమ్మ ఏ ఊరికో పోతుంది, అక్కడ ఏం జరిగిందో మనకి తెలిసే దారి లేదు. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి, హస్తకళల కింద రిజిస్టర్ అయిన కళాకారులు చేసి అమ్మేవాటికి, కొండపల్లి, ఏటికొప్పాక లాంటి జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకు అనే గుర్తింపు) ఉన్నవాటికి మాత్రం మినహాయింపు ఇచ్చినారు. మన సభ్యులు రాసిన వాటిలో నన్ను భయపెట్టింది లైట్లు, పాటలు వచ్చే చిన్న బొమ్మలు. బ్యాటరీ మూతకి స్క్రూ లేదు, కింద పడగానే ఊడి బిళ్ళ బ్యాటరీ బయటికొచ్చేసింది అని ఒక తల్లి రాసింది, పాప నోట్లో పెట్టుకోబోతుంటే లాక్కున్నారంట. బిళ్ళ బ్యాటరీ మింగితే అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలదు, బయటికి ఏమీ కనపడదు, అనుమానం వస్తే చాలు ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి. దెబ్బ తగల్లేదు కాబట్టి ఆ తల్లి మామూలుగా అయితే ఎవరికీ చెప్పేది కాదు, ఫారం ఉంది కాబట్టి రాసింది, ఆ మెసేజ్ చదివి చాలామంది ఆ రాత్రే ఇంట్లో బొమ్మలన్నీ వెతికి మూతలు చూసుకున్నారు. మొత్తం పనిలో ఈ ఒక్కటి జరిగినందుకైనా ఫారం పెట్టడం మంచిదైందని నా నమ్మకం.

గ్యాస్ ట్యూబుల మీద కూడా చాలా వచ్చినాయి, ట్యూబు మీదే తేదీ ఉంటుంది, అయిదేళ్ళు దాటితే మార్చండి, వాసన వస్తే 1906కి ఫోన్ చేయండి. తిండి సరుకుల గురించి వచ్చినవి ఈసారి పక్కన పెట్టినాం, అది వేరే శాఖ, దాన్ని విడిగా చేయాలి.

వచ్చినవన్నీ ఏం చేసినాం అంటే, నంబరు, ఫోటో ఉన్నవాటిని ముందు అమ్మిన అంగడికి, డబ్బా మీదున్న కస్టమర్ కేర్‌కి పంపినాం. ప్యాకెట్ సరుకు మీద ఫిర్యాదు చేసుకునే చిరునామా, ఫోన్ నంబరు వేయాలని 2011 నిబంధనల్లోనే ఉంది. జవాబు రాకపోతే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి, ఐఎస్ఐ సంగతైతే బీఐఎస్ కేర్ యాప్‌లో, ఎవరి పేరు మీద వాళ్ళతోనే వేయించినాం, పక్కన కూర్చుని సాయం చేసినాం అంతే. ఒక అంగడాయన గుర్తు లేని రాడ్లు అమ్మడం ఆపేసినాడు, ఆయనే మర్యాదగా మాట్లాడి తనకి సప్లై చేసేవాళ్ళని అడుగుతానన్నాడు. ఒక కంపెనీ కుక్కర్ మార్చి ఇచ్చింది. ఇంకో కంపెనీ నుంచి "మీ ఫిర్యాదు అందింది" అనే మెసేజ్ తప్ప ఏమీ రాలేదు, దాన్ని వదిలిపెట్టట్లేదు. వస్తువు లోపం వల్ల గాయమైతే ఊరికే డబ్బులు వెనక్కివ్వడంతో అయిపోదు, తయారీదారు, కొన్ని సందర్భాల్లో అమ్మినోళ్ళు కూడా నష్టపరిహారం కట్టాలని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, వస్తువుకి కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే కేసుకి ఫీజు కూడా లేదు, ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు. ఇది తెలియకనే చాలామంది కాలిన చేతికి మందు రాసుకుని ఊరుకుంటున్నారు.

అంగడి పేరు, కంపెనీ పేరు గ్రూపులో ఎందుకు పెట్టలేదు అని కొందరు సభ్యులు కోప్పడినారు. వాళ్ళ బాధ న్యాయమైందే. కానీ ఒక ఫోటో చూసి ఒక చిన్న అంగడి మీద ఊరంతా పడితే, రేపు ఆ సరుకు నకిలీ అని, ఆయన కూడా మోసపోయినాడని తేలితే ఆ నష్టం ఎవరు తీరుస్తారు? అందుకే ముందు జవాబు అడగతాం, తర్వాత వస్తువు మోడల్, ఏం జరిగింది అనేది మాత్రం అందరికీ చెప్తాం. రాసినవాళ్ళ పేర్లు, ఇంటి నంబర్లు కమిటీలో ఇద్దరు తప్ప ఎవరూ చూడరు, బిల్లు ఫోటో పంపేటప్పుడు ఫోన్ నంబరు కనపడకుండా చూసుకోండి.

వచ్చే ఏడాది ఈ ఫారం పక్క కాలనీల వాళ్ళకి కూడా ఇవ్వాలని ఉంది, వాళ్ళ సంఘాలతో మాటలు నడుస్తున్నాయి. జాతరకి ముందే బొమ్మల అంగళ్ళ వాళ్ళతో కూర్చుని బ్యాటరీ మూతల సంగతి మాట్లాడాలి, దీనికి ఖాళీగా ఉండే సభ్యులు పేర్లివ్వండి. ఫారం లింకు గ్రూపులో పైన పిన్ చేసి ఉంటుంది, వాయిస్ అయినా పర్లేదు, ఇంట్లో ఏది పాడైనా పారేసే ముందు నంబరు ఫోటో ఒకటి తీసి పంపండి.

ఇట్లు,
కార్యదర్శి, కమిటీ తరఫున
తిరుపతి