తుమ్ములకు వేసే మాత్ర, నిద్రపోనివ్వని కాళ్ళు

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

గుంటూరులో మిర్చి సీజన్ మొదలైంది. యార్డు వైపు నుంచి వచ్చే మన బస్సులోంచి పిల్లలు ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని దిగుతున్నారు. మిర్చి ఘాటుకు వచ్చే తుమ్ములు కాసేపటికి తగ్గిపోతాయి. పొద్దున లేవగానే వరస తుమ్ములు, కళ్ళ దురద, నీళ్ళలా కారే ముక్కు వారాల తరబడి ఉంటే మాత్రం అలర్జీ అనుకోవాలి. ఖాళీ స్థలాల్లో పెరిగే వయ్యారిభామ, సర్కారు తుమ్మ పుప్పొడి, ఇంట్లో పరుపుల దుమ్ము, అన్నీ కారణాలే.

నేను ఇవాళ రాస్తున్నది తుమ్ముల గురించి కాదు, తుమ్ములకని మనం వేసే మాత్ర గురించి.

నాకు చాలా ఏళ్ళుగా రాత్రిపూట కాళ్ళు లాగుతాయి. పడుకోగానే పిక్కల్లో ఏదో పాకుతున్నట్టు, కదపకపోతే ఉండలేనట్టు ఉంటుంది. లేచి నాలుగడుగులు వేస్తే పోతుంది, నడుం వాలిస్తే మళ్ళీ మొదలు. డాక్టర్లు దీన్ని రెస్ట్‌లెస్ లెగ్స్ అంటారు. పోయిన ఏడాది తుమ్ములు ఆగక మందుల షాపులో అడిగి జలుబు మాత్ర తెచ్చుకున్నాను. "హాయిగా నిద్ర పడుతుంది మేడమ్" అన్నాడు షాపతను. ఆ రాత్రి కళ్ళు మూతలు పడుతున్నాయి, కాళ్ళు మాత్రం మంచం మీద ఉండనివ్వడం లేదు. ఒంటిగంటన్నరకు వంటింట్లో చల్లటి గచ్చు మీద గోడ పట్టుకుని, నిద్రకు తూలుతూ పిక్కలు సాగదీస్తూ నిలబడ్డాను. మూడు రాత్రులు అలా గడిచాక గానీ మాత్ర మీద అనుమానం రాలేదు.

డాక్టరుగారు అట్ట చూడగానే విషయం చెప్పారు. మగత తెచ్చే పాతతరం అలర్జీ మందులు మెదడులోకి చేరతాయి, ఈ బాధ ఉన్నవాళ్ళకు దాన్ని ఇంకా పెంచుతాయి. క్లోర్‌ఫెనిరమైన్, ఫెనిరమైన్, డైఫెన్‌హైడ్రమైన్, హైడ్రాక్సిజైన్ ఆ కోవలోవే. జలుబు మాత్రల్లో, దగ్గు సిరప్‌లలో వీటిలో ఏదో ఒకటి తరచుగా ఉంటుంది. పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకుని చదవండి.

ఈ కాళ్ళ బాధ పిల్లలకూ ఉంటుంది. తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ. ఆటలాడి కాళ్ళు పీకుతున్నాయనుకుని కొబ్బరినూనె రాసి పడుకోబెడతాం. మన ఆరో తరగతి బాబు ఒకడు ఎప్పుడూ కాళ్ళు ఊపుతుంటే, ఊపితే దరిద్రమని మేమే చాలాసార్లు మందలించాం. దగ్గర కూర్చోబెట్టుకుని అడిగితే "కాళ్ళలో సోడా పొంగుతున్నట్టుంది మేడమ్" అన్నాడు. అంత చక్కగా నేను కూడా ఎప్పుడూ చెప్పలేకపోయాను. వాడికి క్షమాపణ చెప్పాను.

అలాగని అలర్జీని వదిలేయకండి. ముక్కు దిబ్బడకు నిద్ర చెడుతుంది, నిద్ర చాలకపోతే కాళ్ళ బాధ పెరుగుతుంది. కాచి చల్లార్చిన నీళ్ళతో చేసిన ఉప్పునీటితో ముక్కు కడగడం మంచి పద్ధతి. డాక్టరు రాసే స్టెరాయిడ్ ముక్కు స్ప్రే పూర్తిగా పనిచేయడానికి కొన్ని రోజులు పడుతుంది, రెండు రోజులు వాడి తగ్గలేదని పక్కన పడేయకూడదు. మాత్రే కావాలంటే ఫెక్సోఫెనడిన్, లొరాటడిన్ లాంటివి మెదడులోకి అంతగా వెళ్ళవు. ఏది, ఎంత మోతాదు అన్నది మాత్రం పిల్లల డాక్టరే చెప్పాలి.

డాక్టరును ఇంకో మాట కూడా అడగండి, ఫెరిటిన్ పరీక్ష. ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే రక్తపరీక్ష ఇది. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా ఒంట్లో ఐరన్ నిల్వ తక్కువగా ఉండొచ్చు. రెస్ట్‌లెస్ లెగ్స్ ఉన్న పిల్లల్లో ఫెరిటిన్ 50 (ng/mL) లోపు ఉంటే డాక్టర్లు ఐరన్ ఇచ్చే విషయం ఆలోచిస్తారు. జ్వరంలో చేయిస్తే అంకె ఎక్కువగా కనిపిస్తుంది, తగ్గాక చేయించండి. పరీక్ష లేకుండా ఐరన్ సిరప్ పట్టకండి.

బడిలో ఫస్ట్ ఎయిడ్ పెట్టెలోంచి అలర్జీ మాత్రలు తీసేశాం. మీ ఉత్తరం లేకుండా ఏ మందూ వేయం. గదులు పిల్లలు వెళ్ళాక తడిబట్టతో తుడిపిస్తున్నాం, ప్రహరీ పక్కన వయ్యారిభామ పీకించాం. కాళ్ళు లాగే పిల్లలను అంచు బెంచీలో కూర్చోబెట్టి, మధ్యలో లేచి వరండాలో ఒక చుట్టు తిరిగి రానివ్వమని టీచర్లకు చెప్పాను.

మీ బాబుకో పాపకో రాత్రిళ్ళు ఇలా ఉంటే ఈ శనివారంలోగా డైరీలో ఒక ముక్క రాసి పంపండి. వాళ్ళు వాడుతున్న మందుల పేర్లు కూడా రాయండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు