మైకు సెట్లో ఆ 'స్స్' శబ్దం గురించి

ఎడిటర్ గారికి నమస్కారం,

చిన్న చిన్న సభలకి, మీటింగులకి మైకు సెట్టు చూసుకునే పని చాలా ఏళ్లుగా నా మీదే పడుతోంది, ఇది నా వృత్తి కాదు గానీ ఇష్టంతో చేస్తున్నా. ఒకటే తప్పు మళ్లీ మళ్లీ చూసి మనసాగక ఈ ఉత్తరం రాస్తున్నానండి. ఎవరూ మాట్లాడనప్పుడు స్పీకర్లలోంచి స్స్‌స్ అని సన్నగా వస్తూనే ఉంటుంది కదా, అది వినబడగానే సెట్టు పాతదైపోయింది కొత్తది కొనాలి అంటారు. నేను చూసిన వాటిల్లో ఎక్కువ చోట్ల సెట్టు శుభ్రంగా ఉంది, నాబులు పెట్టిన పద్ధతే తేడాగా ఉంది.

మొన్నామధ్య ఒక హాల్లో ఒక పెద్దావిడ మాట్లాడుతున్నారు, గొంతు చాలా చిన్నది, వెనక వరసల వాళ్లకి ఆవిడ మాటకంటే ఈ సొదే ఎక్కువ వినబడుతోంది. వెళ్లి చూస్తే మిక్సర్లో (మైకుల వైర్లన్నీ వచ్చి కలిసే పెట్టె) ఆ మైకు గెయిన్ (మైకు సిగ్నల్‌ని మొట్టమొదట పెంచే నాబ్) దాదాపు సున్నా దగ్గర ఉంది, ఫేడరు (ఆ మైకు సౌండుని పైకీ కిందకీ జరిపే మీట) పైదాకా, మాస్టరు (అన్ని మైకులకీ కలిపి ఉండే మీట) పైదాకా, స్పీకర్ వెనక వాల్యూమ్ ఫుల్లు. ఎందుకలా అంటే గెయిన్ పెంచితే కుయ్‌మంటుందని భయమట.

మామూలు డైనమిక్ మైకు నుంచి వచ్చే సిగ్నల్ ఒకటి రెండు మిల్లీవోల్టులే, మిక్సరు నుంచి బయటికి వెళ్లాల్సిన లైన్ లెవెల్ ఏమో 1.23 వోల్టులు, అంటే దగ్గర దగ్గర వెయ్యి రెట్లు పెంచాలి. ఆ పెంచే పని మొదట్లోనే, గెయిన్ నాబ్ దగ్గరే జరగాలి. దాని తర్వాత ఉన్న ప్రతి సర్క్యూటూ తనవంతు కాస్త నాయిస్ కలుపుతుంది, మాట అక్కడికి బలంగా వస్తే ఆ నాయిస్ కింద ఉండిపోతుంది, నీరసంగా వస్తే తర్వాత ఫేడరు ఎంత పైకి తోసినా మాటతో పాటు సొద కూడా పెరుగుతుంది, అంతే.

కుయ్‌మనడం సంగతి కూడా చెప్తా, ఎందుకంటే అసలు భయం అంతా అక్కడే ఉంది. ఈ కుయ్ శబ్దం, అంటే ఫీడ్‌బ్యాక్, వచ్చేది మైకు నుంచి స్పీకర్ దాకా మొత్తం కలిపి ఎంత పెంచామన్నదాన్ని బట్టి, ఒక్క గెయిన్ నాబ్‌ని బట్టి కాదు. గెయిన్ 10 డెసిబెల్స్ (సౌండు కొలిచే లెక్క) పెంచి చివర స్పీకర్ దగ్గర 10 తగ్గించారనుకోండి, హాల్లో సౌండ్ అంతే ఉంటుంది, ఫీడ్‌బ్యాక్ ప్రమాదం కూడా అంతే, సొద మాత్రం బాగా తగ్గుతుంది. ఆ రోజు నేను చేసింది ఇదొక్కటే, ఆవిడ మాట వెనక గోడ దాకా వెళ్లింది.

నేను చేసే పద్ధతి ఏంటంటే, ముందు స్పీకర్ వాల్యూమ్ పూర్తిగా తగ్గించేసి, మాట్లాడే మనిషినే అసలు సభలో మాట్లాడే గొంతుతో మాట్లాడమంటా (చెక్ చెక్ అంటే సరిపోదు, స్టేజీ ఎక్కాక గొంతు పెరుగుతుంది), పీఎఫ్‌ఎల్ (ఫేడరుతో సంబంధం లేకుండా ఆ మైకు లెవెల్ మీటర్లో చూపించే బటన్) నొక్కి మీటరు సున్నా చుట్టుపక్కల ఆడేలా, పీక్ లైటు (సిగ్నల్ మరీ ఎక్కువైందని చెప్పే లైటు) వెలగకుండా గెయిన్ పెడతా. తర్వాత ఫేడరూ మాస్టరూ సున్నా గీత దగ్గర. ఆఖర్న స్పీకర్ వాల్యూమ్ మెల్లగా పెంచుకుంటూ హాలుకి చాలినంత దగ్గర ఆపేస్తా. స్పీకర్ నాబ్ ఫుల్లుగానే ఉండాలని రూలేమీ లేదండి!

అయినా సొద ఉంటే మాస్టరు మొత్తం కిందకి లాగి వినండి. ఇంకా వస్తోందంటే అది ఎక్కువగా మిక్సరు తర్వాతదే, పవర్డ్ స్పీకర్ (లోపలే యాంప్లిఫయర్ ఉన్నది) అయితే చాలావాటికి వెనక మైక్/లైన్ స్విచ్ ఉంటుంది చూడండి, మిక్సర్ నుంచి వచ్చే వైరుకి అది మైక్ వైపు ఉంటే సొదా వస్తుంది, మాటా పగిలిపోతుంది. మాస్టరు దించగానే ఆగిపోయిందంటే ఫేడర్లన్నీ దించి, మాస్టరు మళ్లీ పైకి పెట్టి, ఒక్కో ఛానల్ (ఒక్కో మైకు లైను) ఎత్తి చూస్తే దొంగ దొరుకుతుంది. భుమ్మ్ అని వచ్చేది మాత్రం వేరే రోగం, అది ఎర్తింగూ వైర్ల సంగతి.

వాడని మైకులు మూసేయండి దయచేసి. తెరిచిన మైకులు రెట్టింపైనప్పుడల్లా నాయిస్ 3 డెసిబెల్స్ చొప్పున పెరుగుతుంది, ఒకరు మాట్లాడుతుంటే 8 మైకులు తెరిచి ఉంచితే 9 డెసిబెల్స్ ఊరికే కలిసినట్టు. మైకు నోటికి సగం దూరానికి తెస్తే మాట దాదాపు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, దానికి ఏ నాబూ తిప్పక్కర్లేదు.

సొదని కప్పేద్దామని సౌండ్ పెంచేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, పిల్లలు కూర్చునేది స్పీకర్ల ముందే కదా. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సంగీత వేదికలకే 15 నిమిషాల సగటు 100 డెసిబెల్స్ దాటొద్దంది, మాటల సభకి అందులో చాలా తక్కువ చాలు.

మీ పేపర్లో ఫోన్ల గురించి, యాప్‌ల గురించి వివరంగా వేస్తారు. ఒక్కసారి మిక్సర్ బొమ్మ వేసి ఏ నాబ్ ముందు, ఏది తర్వాత అని అంకెలు వేసి ప్రచురించండి, చాలామంది కత్తిరించి మిక్సర్ పెట్టెలో పెట్టుకుంటారు.

ఇట్లు,
మీ పాఠకుడు